ఓడినవాళ్ళు మోసే పాట

ఎసిర్కెప్ వస్తాడని ఎవరూ అనుకోలేదు. మాంసం కుండలు పొయ్యిమీద ఉడుకు పట్టే వేళకి గడ్డి లారీ ఒకటి వచ్చి ఆగింది. దాని మీదనుంచి దిగాడు. చంకలో గుడ్డసంచి, అందులో రెండు తీగల దోంబ్రా. ఒంటి మీది గడ్డిపరకలు దులుపుకోలేదు. నేరుగా సార్సెన్ సమాధి దగ్గరికి నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులు చాచి ప్రార్థన చేసుకుని, ఆ చేతులతో ముఖం తడుముకుని లేచాడు. లేచాక, ఏడాది విందు కోసం కొత్తగా నిలబెట్టిన రాయి వైపు తిరిగాడు. దాని మీద సార్సెన్ పేరు, పేరు కింద ఆయన నల్లగుర్రం పాటలో మొదటి పాదం చెక్కి ఉన్నాయి. ముసలాడు ఆ పాదాన్ని చాలాసేపు చదివాడు. అంత పొడుగు పాదం కాదది.

కలమ్‌కాస్ పొయ్యి దగ్గరనుంచి ఇదంతా చూసింది. నురగ తీస్తున్న గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది.

"వచ్చాడా?" అంది వెనకనుంచి ఉల్మెకెన్. సార్సెన్ భార్య ఆవిడ. తలకు చుట్టుకున్న తెల్లగుడ్డ గాలికి రెపరెపలాడుతుంటే గడ్డం కింద ముడి బిగించుకుంటోంది.

"వచ్చాడమ్మా."

"ఆయన మంచాన పడితే రాలేదు. మట్టి చేస్తే రాలేదు. ఏడాది విందుకి పిలవకుండా వచ్చాడు. తిండి కోసం రాలేదు వాడు. నిన్ను ఎదురుగా కూర్చోమంటాడు, చూడు."

"కూర్చుంటాను. ఆయన శిష్యురాలిని కదా, నేను కాక ఎవరు కూర్చుంటారు?"

"కూర్చో, వద్దనను. ఓడకు, అంతే. ఓడావంటే, వాడి నోట్లోంచి ఏ చెత్త ఊడిపడితే ఆ చెత్తంతా నువ్వు చచ్చేదాకా మొయ్యాలి."

ఆ మాట కలమ్‌కాస్‌కి కొత్తగా చెప్పనక్కర్లేదు. పాటల పోటీ అంటే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, అప్పటికప్పుడు అల్లుకుంటూ, ఒకరి మీద ఒకరు పాట విసురుకోవడం. జవాబు లేనివాడు దోంబ్రాను బోర్లా పెడతాడు. అయితే పని అక్కడితో తెమలదు. ఓడినవాడు ఆ పోటీ మొత్తాన్నీ, గెలిచినవాడి మాటలతో సహా, పొల్లు పోకుండా గుర్తుపెట్టుకుని, పెళ్ళికి పిలిచినా పురిటికి పిలిచినా, అడిగిన ప్రతి ఇంటా పాడాలి. గెలిచినవాడు తన గెలుపు తాను పాడుకుంటే జనం ముఖం మీదే నవ్వుతారు. కాబట్టి ఏ పాటగాడి పేరైనా నిలిచేది అతని చేతిలో ఓడినవాడి నోట్లోనే.

సార్సెన్ పేరు అలాగే నిలిచింది. యుద్ధం ముగిసిన మరుసటేడు ఒక పెళ్ళిలో ఆయన నల్లగుర్రం పాట ఎత్తుకుని ఎసిర్కెప్ ముఖాన విసిరాడు. అప్పటికి ఎసిర్కెప్ నోరు కత్తి అని చుట్టుపక్కల అందరికీ తెలుసు. అలాంటివాడు ఆ పాట విని, ఎదురుగా బొమ్మలా చూస్తూ ఉండిపోయి, దోంబ్రా బోర్లా పెట్టేశాడు. నాలుక ఎండిపోయిందన్నారు జనం. ఆ రోజునుంచి ఏరు పొడుగునా ఊరూరూ తిరిగి ఆ ఓటమిని పాడుతూనే వచ్చాడు. ఒక్క మాట మార్చలేదు. తనకు అనుకూలంగా ఒక్క పాదం కలపలేదు. సార్సెన్ అంతటివాడు లేడని సగం దేశానికి చెప్పింది ఎసిర్కెప్ గొంతే.

భోజనాల దగ్గర, వయసులో పెద్దవాడు కాబట్టి, ఉడికించిన గొర్రె తలకాయ ఎసిర్కెప్ ముందు పెట్టారు. పశుక్షేత్రం డైరెక్టరు కెంజెబెక్ స్వయంగా పళ్ళెం అందించాడు. ముసలాడు కత్తితో చెవి కోసి, వడ్డిస్తున్న కలమ్‌కాస్ వైపు చాపాడు.

"ఇదిగో పిల్లా, చెవి నీది. చిన్నవాళ్ళకి చెవి ఇస్తే పెద్దల మాట వింటారంటారు."

"నాకు ముప్పై ఆరు దాటాయి తాతా. ఇద్దరు పిల్లలు."

"నా పళ్ళు లెక్కపెట్టుకో, నీకంటే చిన్నవాణ్ణి." నోరు తెరిచి చూపించాడు. నాలుగో అయిదో ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కెంజెబెక్ కూడా నవ్వాడు. ఉల్మెకెన్ నవ్వలేదు.

"తాతా, ఇంత దూరం ఊరికే వచ్చావా?" అన్నాడు కెంజెబెక్, పులిసిన గుర్రపు పాల కుమిస్ గిన్నె చేతికిస్తూ.

"ఊరికే ఎవడొస్తాడయ్యా? సార్సెన్ నాకు ఒక పోటీ బాకీ. ఆయన లేడు. ఆయన పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన పిల్ల ఉంది కదా."

టీ గిన్నెలు తీసేశారు. రాయికి ఎదురుగా ఎర్ర ఉన్ని నమదా పరిచారు. జనం చుట్టూ మూగారు. మొగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క, వెనక గుర్రాల మీద ఉన్నవాళ్ళు గుర్రాల మీదే. ఉల్మెకెన్‌ని ముందు వరసలో కూర్చోబెట్టారు.

గురువు విందులో గురువు పాటతోనే మొదలుపెట్టడం మర్యాద. కలమ్‌కాస్ దోంబ్రా ఒళ్ళోకి తీసుకుంది. తీగల మీద వేలు వేసి చూసి, కింది తీగ బిరడాను కొంచెం వెనక్కి తిప్పింది. సార్సెన్ ఆ పాటకు ముందు ఎప్పుడూ అలాగే తిప్పేవాడు. పక్కన కూర్చుని చూసి చూసి ఆమె చేతికీ అదే అలవాటు. తిప్పుతున్నానన్న ఆలోచన కూడా ఆమెకు లేదు. కళ్ళెత్తేసరికి ఎసిర్కెప్ ఆమె ముఖం చూడటం లేదు. ఆ బిరడా మీదున్న వేళ్ళను చూస్తున్నాడు.

ఆమె పాడింది.

"నల్లగుర్రమా, నీరెక్కడో నీకే ఎరుక
నను మోసిపో, నా వాళ్ళ అడుగుల వెనుక."

వెనక గుర్రాల మీదివాళ్ళు కూడా గొంతు కలిపారు. ఆ పాట తెలియనివాళ్ళు అక్కడ లేరు. పాట అయ్యాక ఆమె బిరడాను మళ్ళీ మామూలు శ్రుతికి బిగించింది. ఎసిర్కెప్ దాన్నీ చూశాడు. తరవాత దగ్గి, గొంతు సవరించుకుని, తీగలను చరిచాడు.

"మొగవాళ్ళంతా పోయినారా, మిగిలింది నువ్వేనా?
పాలు పిండే చేతులతో పాట పిండగలవేనా?"

ఆడవాళ్ళ వైపునుంచి "ఓయ్!" అని కేక. కలమ్‌కాస్ పశుక్షేత్రంలో పాలు పితికే మనిషి. వెంటనే అందుకుంది.

"పిండే చేతికి తెలుస్తుందయ్యా పొదుగులోని పాలు.
ఎండిపోయిన పొదుగు చూస్తే పిండబోదు వేలు!"

జనం విరగబడి నవ్వారు. "తాతా, పొదుగు దాచుకో!" అని ఎవడో గుర్రం మీదనుంచి అరిచాడు. ఎసిర్కెప్ కూడా నవ్వుతూ తలూపాడు. ఇంకో రెండు విసుర్లు అలాగే సాగాయి. ఆమె భయం కొంచెం తగ్గింది. ముసలాడి గొంతు జీరపోతోంది, ఊపిరి పాదం చివరిదాకా రావడం లేదు. ఇలాగే నవ్విస్తూ పోతే అలిసిపోతాడు అనుకుంది.

అప్పుడు ఆయన వాయించడం నెమ్మదించాడు.

"అన్ని పాటలకొక్క శ్రుతి, మీ గురువు తీరు అది.
ఆ ఒక్క పాటకు బిరడా తిప్పే అవసరమేమిటిది?"

నవ్వులు ఆగలేదు. ఇందులో ఏముందో జనానికి తెలియలేదు. కలమ్‌కాస్ వేలు మాత్రం మళ్ళీ ఆ బిరడా మీదికి పోయింది. ఆ ప్రశ్న ఆమె ఒకసారి తనే అడిగింది. ఒక పెళ్ళినుంచి లారీలో తిరిగొస్తూ, "ఈ ఒక్కదానికి శ్రుతి ఎందుకు మారుస్తావు బాబాయ్?" అంది. సార్సెన్ కిటికీ వైపు తిరిగి, "ఆ పాటకి అంతే," అన్నాడు. అంతవరకు కబుర్లు చెబుతున్న మనిషి ఊరొచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు. తరవాత చాలా పెళ్ళిళ్ళలో ఆ పాట ఆమెను ఎత్తుకోనివ్వలేదు.

"ఒక్క యేటికే రేవు రేవుకూ లోతు వేరు కదా,
ఒక్క నోటికే పాట పాటకూ శ్రుతి వేరు కదా," అని దాటేసింది.

"దాటకు పిల్లా," అన్నాడు ఎసిర్కెప్, పాడకుండా, మామూలు మాటగా. ఆ తరవాత పాడాడు.

"ఏటి ఎగువన పుట్టినవాళ్ళు ఉగ్గుతో నేర్చిన శ్రుతి అది.
ఇమాన్‌గాలి వేళ్ళ కింద ఈనిన నల్లగుర్రమది.
ముప్పై ఏడులో తీసుకుపోయిన నా అన్న పాట, మీ రాతిపై ఉన్నది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ముప్పై ఏడులో ప్రజాద్రోహులని ముద్రవేసి తీసుకుపోయినవాళ్ళు తిరిగిరాలేదు; వాళ్ళ పేరెత్తినా నేరమే అయిన రోజులవి. ఇమాన్‌గాలి అనే పేరు చిన్నవాళ్ళు వినను కూడా లేదు. ముసలివాళ్ళు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నేలచూపులు చూశారు. వాళ్ళ చూపులు చూశాకే కలమ్‌కాస్‌కి మిగతాది అర్థమైంది. ఆ పెళ్ళిలో ఎసిర్కెప్ నాలుక ఎండలేదు. సొంత అన్న పాటను సార్సెన్ తనదిగా ఎదురుగా పాడుతుంటే, జవాబుగా ఎసిర్కెప్‌కి ఉన్నది అన్న పేరొక్కటే. ముందు వరసలో మిలీషియా పోలీసు కూర్చునుండగా ఆ పేరు చెప్పేవాడెవడు? దోంబ్రా బోర్లా పెట్టాడు. ఆ రోజునుంచి, అన్న పాటను ఇంకొకడి పేరు మీద, తన నోటితోనే, ఊరూరా పాడుతూ వచ్చాడు.

"అబద్ధం!" అని ఉల్మెకెన్ గట్టిగా అంది. జనంలో గుసగుస లేచింది. "జవాబు చెప్పవే!" "చెప్పు కలమ్‌కాస్!" అన్నారు.

జవాబు ఆమెకు తట్టింది. మంచి జవాబే. తీగలు గట్టిగా చరిచింది.

"పేరు చెబితే నాలుక తెగే రోజుల్లో, పెద్దాయనా,
పాట గోతిలో పడకుండ నోట దాచినవాడెవరు?
నీవు సైతం నోరు మెదపని ఆనాటి సభలోన
నల్లగుర్రానికి నీళ్ళు పెట్టి నడిపించినవాడెవరు?"

జనం ఒక్కసారిగా హోరుమన్నారు. ముసలివాళ్ళు తలలెత్తారు. "అదీ మాట!" అన్నాడు కెంజెబెక్ మోకాలు చరుచుకుని. ఉల్మెకెన్ కళ్ళు తుడుచుకుంది. నిజమే మరి. దొంగతనమే అయితే కావచ్చు, సార్సెన్ ఎత్తుకోకపోతే ఆ పాట ఇమాన్‌గాలితోపాటే ఏ గోతిలోనో పడిపోయేది. అయిపోయింది అనుకుంది కలమ్‌కాస్. ఎసిర్కెప్ తల దించుకుని, తీగల మీద వేలు ఊరికే ఆడిస్తున్నాడు. హోరు సద్దుమణిగేదాకా ఆగాడు. ఆ తరవాత గొంతు పెంచకుండా, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు పాడాడు.

"దాచినందుకు దండమే, దాచినవాడు దొంగ కాడు.
దాచమన్న ఆ భయం ఎన్నడో పోయింది చూడు.
అన్న నిర్దోషి అని కబురొచ్చాక నా తల మొత్తం నెరిసింది.
పక్కన కూర్చున్న పిల్లవు, చెప్పు, ఆ పేరు ఏనాడు వినబడింది?"

కలమ్‌కాస్ వేళ్ళు తీగల మీదే ఉన్నాయి.

ఆ పేరు వినలేదు. ఆమె ఆ ఇంట్లో పద్దెనిమిదో ఏటనుంచి తిరిగింది. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని విందులు, ఎన్ని లారీ ప్రయాణాలు. రేడియోవాళ్ళు వచ్చి ఈ పాట ఎలా కట్టావని అడిగితే సార్సెన్ ఒక కథ చెప్పేవాడు. కరువులో నల్లగుర్రం తనను ఏటి దగ్గరికి మోసుకొచ్చిందని. ఆ కథ ఆమె కూడా పదిమందికి చెప్పింది.

జనం ఎదురుచూస్తున్నారు. ముందు వరసలోనుంచి ఉల్మెకెన్ ఆమె వైపు వంగింది. పెదవులు మాత్రమే కదిపి, "చెప్పాడని చెప్పు," అంది. మళ్ళీ అంది. "నాతో చెప్పాడని చెప్పు. నేనూ చెబుతాను."

చెబితే నమ్ముతారు. నమ్మడానికే వచ్చారు వాళ్ళు. చచ్చినాయన విందు, చచ్చినాయన రాయి, ఆయన పెళ్ళాం సాక్షి. పాదం కూడా ఆమె నోటి దాకా వచ్చింది. 'కడసారి పడకమీద నా చెవిలో చెప్పిన పేరు...' ఎంత బాగా కుదిరిందంటే ఆమెకే భయమేసింది. చెప్పకపోతే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. ఇవాళ్టినుంచి ఏ ఇంట్లో దోంబ్రా చేతికిచ్చినా, తనకు పాట నేర్పిన మనిషి సిగ్గును తనే పాడాలి. సార్సెన్ శిష్యురాలు అన్నవాళ్ళే సార్సెన్‌ను బజారున పెట్టిన మనిషి అంటారు.

ఎసిర్కెప్ తొందరపెట్టలేదు. చేత్తో గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాడు. ఆమె అబద్ధం పాడితే, ఈ వయసులో మళ్ళీ ఓడిపోయి, ఆ అబద్ధాన్ని కూడా పొల్లు పోకుండా మోసుకుంటూ తిరగాల్సినవాడు ఆయన. మోస్తాడు కూడా. అందులో ఆమెకు సందేహం లేదు.

కలమ్‌కాస్ దోంబ్రాను ఎత్తి, నమదా మీద బోర్లా పెట్టింది.

గుర్రం ఒకటి కళ్ళెం కొరికిన చప్పుడు వినిపించింది. కెంజెబెక్ లేచి, చేతులు రుద్దుకుంటూ, "సరే సరే, పెద్దాయనా బాగా పాడాడు, మన అమ్మాయీ బాగా పాడింది. సమానం. ఇద్దరికీ మంచి చపాన్ కోటు ఒక్కొక్కటి..." అని మొదలుపెట్టాడు.

"డైరెక్టరుగారూ," అన్నాడు ఎసిర్కెప్, "మీ గొర్రెలు సమానమో కాదో మీరు చూసుకోండి. ఇది మాకొదిలెయ్యండి." తరవాత ఆమె వైపు తిరిగాడు. "అమ్మాయీ, మొదటిసారి ఇక్కడే పాడాలి. విన్నవాళ్ళు ఉండగానే. తప్పు పోతే దిద్దుతారు. నీకు తెలుసుగా?"

"తెలుసు తాతా."

ఉల్మెకెన్ లేచి నిలబడింది. "నా మొగుడి రాయి ముందా? నేను పెట్టిన అన్నం అరగకముందేనా? కలమ్‌కాస్, నా పక్కలో పడుకోబెట్టుకున్నాను నిన్ను. నా చేతులమీద పెళ్ళిచేసి పంపాను. నోరు తెరిచావంటే మళ్ళీ నా గడప తొక్కకు."

కలమ్‌కాస్ ఆవిడ వైపు తిరిగింది. "నేను కట్టిన పాటేం కాదమ్మా ఇది. ఓడితే మొయ్యమని నాకు చెప్పింది బాబాయే," అంది.

"ఆయన చెప్పాడట!" అంది ఉల్మెకెన్. ఇంకేదో అనబోయి, జనంలోనుంచి దారి చేసుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వెనకే వెళ్ళారు. మిగతావాళ్ళు వెళ్ళాలా ఉండాలా తెలియక, సగం లేచి మళ్ళీ కూర్చున్నారు.

కలమ్‌కాస్ దోంబ్రా తీసుకుంది. మొదటినుంచి పాడింది. నల్లగుర్రం పాట, పాలు పిండే చేతులు, ఎండిన పొదుగు. పొదుగు దగ్గర ఎవరూ నవ్వలేదు. బిరడా ప్రశ్న పాడింది. తన తప్పించుకోలు పాడింది. ఇమాన్‌గాలి పేరు వచ్చే పాదాలు పాడింది. ఆ పేరు మొదటిసారి తన నోట పలుకుతుంటే గొంతు తడబడింది గాని ఆగలేదు. అక్కడినుంచి నేరుగా ఎసిర్కెప్ చివరి నాలుగు పాదాలకు వెళ్ళింది.

"ఆగు," అన్నాడు ఎసిర్కెప్.

ఆమె ఆగింది.

"మధ్యలో నీవి నాలుగు పాదాలు పోయాయి."

"కావాలనే వదిలాను."

"ఎందుకు?"

"నిలబడలేదు కదా తాతా. మీరు ఒక్క మాటతో కొట్టేశారు. ఓడిన మాట ఎందుకని..."

"ఓడిన మాట!" ముసలాడికి కోపం వచ్చింది. ఈ విందుకి వచ్చాక మొదటిసారి గొంతు హెచ్చింది. "ఇన్నేళ్ళు నేను మోసిందంతా ఏ మాటలనుకున్నావు? నాకు నచ్చినవి మోశానా? ఆ నాలుగు పాదాలు నాకు గొంతులో ముల్లులా ఉన్నాయి. నువ్వు పాడుతుంటే నిన్ను పట్టుకుని కొట్టాలనిపించింది. కానీ నిజం. వాడు ఎత్తుకోకపోతే మా అన్న పాట లేదు. నేను కూడా ఆ రోజు నోరు తెరవలేదు. అది నా అంతట నేను ఎక్కడా పాడుకోలేను. నువ్వే పాడాలి. ఒక్క మాట వదిలావంటే నీ వెనకే ఊరూరా వచ్చి దిద్దుతాను, చచ్చేదాకా."

"ఇంకెన్నాళ్ళొస్తావులే తాతా," అన్నాడు గుర్రం మీదివాడు మెల్లిగా.

"నీ పెళ్ళికి కూడా వస్తాను, నోర్ముయ్."

ఒకరిద్దరు నవ్వారు. ఎసిర్కెప్ నవ్వలేదు. "మొదటినుంచి," అన్నాడు.

కలమ్‌కాస్ మొదటినుంచి ఎత్తుకుంది. ఎదురుగా ఉల్మెకెన్ ఇంటి తలుపు మూసి ఉంది. తన నాలుగు పాదాల దగ్గరికి వచ్చేసరికి, ఆ తలుపు వెనక్కి వినబడేలా గొంతెత్తి పాడింది. పాడి, ఊపిరి తీసుకుని, తరవాత వచ్చే ముసలాడి పాదాలకు గొంతు తగ్గించకుండా అలాగే సాగిపోయింది.